తిప్పబాక అబ్బయ్యా!

కారుకు హంగులు పెట్టించడం కుర్రకారు సరదా. ఆ సరదా ఖరీదెంతో వానాకాలంలో గానీ తెలీదు. ఒకపక్క సముద్రం, మరోపక్క స్వర్ణముఖి ఉన్న వాకాడు లాంటి ఊళ్లో అయితే మరీను! ఇంజిన్‌లో ఏ ఆయిల్ పోయాలి, అది ఏ దారిన గాలి పీల్చాలి... ఓ తండ్రీకొడుకుల అనుభవంలో ఈ రెండింటికీ జవాబులున్నాయి.

దేశంలో చాలాచోట్ల జూన్ రాగానే వాన కోసం ఆకాశంకేసి చూస్తారు. నెల్లూరు తీరంలో మాత్రం అసలు వానకాలం అక్టోబరులో మొదలవుతుంది. ఈశాన్య రుతుపవనాలు ఏడాది వానలో పెద్ద వాటాను మూడు నెలల్లోనే కుమ్మరించి పోతాయి. బంగాళాఖాతంలో వాయుగుండాలు లేచేదీ అప్పుడే. ఎగువన తిరుపతి వైపు కొండల్లో కురిసిన వాన శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా స్వర్ణముఖిలో దిగి వాకాడు దాకా వస్తుంది. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలకు ఆ నది ఎలా పొంగిందో ఇక్కడివాళ్లు మరచిపోలేదు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను కూడా అంతకుముందు ఈ తీరాన్ని ఒరుసుకుంటూనే వెళ్లింది. అలాంటి రోజుల్లో ఊరికీ ఊరికీ మధ్యనున్న చప్టాలు ఒక్కొక్కటే నీళ్ల కిందికి వెళ్తాయి.

అయినా సరే, కొందరికి ఆ రోడ్డెక్కక తప్పదు.

వాకాడులో ఓ ఇల్లు అలాంటిదే. రొయ్యల గుంటల మీద బతికే కుటుంబం. ఓ ఏడాది పంట కలిసొస్తే ఆ డబ్బుతో పాత డీజిల్ కారొకటి కొన్నారు. మన రోడ్ల మీద లక్షల సంఖ్యలో తిరిగిన 1248 సీసీ ఇంజిన్ బండి. కొన్న రెండేళ్లకే తండ్రి కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారానికి రెండుసార్లు నెల్లూరులో డయాలసిస్. కోట, విద్యానగర్, గూడూరు మీదుగా పొద్దున్నే వెళ్లాలి, సాయంత్రానికి తిరిగి రావాలి. బస్సులో కూర్చునే ఓపిక ఆయనకు లేదు. అలా ఆ కారు ఇంట్లో మందులపెట్టె అంత అవసరమైపోయింది.

కొడుక్కి పాతికేళ్లు. ఆ వయసులో కారంటే ఆసుపత్రికి వెళ్లే బండి మాత్రమేనా? చెన్నైలో చదువుకున్న రోజుల్లో స్నేహితుల బండ్లు చూశాడు. తనూ మొదలుపెట్టాడు. ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌ను ట్యూన్ చేయించాడు. కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకించేసి, గరాటు ఆకారంలో ఉండే ఎర్రటి ఫిల్టర్‌ను ముందు బంపర్ వెనక, కిందికి దింపి బిగించాడు. ఎవరో చెప్పారని 20డబ్ల్యూ-50 ఆయిల్ పోయించాడు. యాక్సిలరేటర్ తొక్కితే బండి ఈల వేసినట్టు గాలి పీల్చేది. ఆ శబ్దం వినడానికే వీధిలో పిల్లలు ఆగేవాళ్లు.

తండ్రి ఏమీ అనలేదు. వెనక సీట్లో తలగడ సర్దుకుని కూర్చునేవాడు, అంతే.

ముక్కు తీసి మోకాలికి...

గూడూరులో ఓ పెద్ద మేస్త్రి ఉన్నాడు. అరవై దాటినా ఇంకా స్పానర్ వదల్లేదు. ఓసారి నెల్లూరు నుంచి తిరిగొస్తూ బ్రేకులు చూపిద్దామని ఆయన షెడ్డు దగ్గర ఆగారు తండ్రీకొడుకులు. బానెట్ ఎత్తి చూసిన మేస్త్రి ఫక్కున నవ్వాడు.

''ఏందబ్బయ్యా, ముక్కు తీసి మోకాలికి పెట్టినావే?''

కుర్రాడికి పౌరుషం వచ్చింది. ''చల్లటి గాలి కోసం మేస్త్రీ. చల్లగాలైతే పవర్ ఎక్కువ'' అన్నాడు.

అందులో తప్పేం లేదు. గాలి వేడెక్కితే పలచబడుతుంది. 30 డిగ్రీల గాలితో పోలిస్తే 50 డిగ్రీల గాలి సుమారు ఆరు శాతం పలచన. ఆ మేరకు ఇంజిన్‌కు అందే ప్రాణవాయువు తగ్గుతుంది. అందుకే ఇంజిన్ పక్కన, ఆ సెగలోనే గరాటు ఫిల్టర్‌ను ఆరుబయట బిగించి వదిలేస్తే లాభం కంటే నష్టమే ఎక్కువ. చల్లగాలి కోసం ఫిల్టర్‌ను కిందికి, బంపర్ వెనక్కి దింపేది ఈ లెక్కతోనే.

చాలామంది చూడని సంగతి ఒకటుంది. కంపెనీ బిగించిన డబ్బా కూడా ఇంజిన్ సెగ గాలిని పీల్చదు. చాలా కార్లలో దాని గొట్టం మూతి రేడియేటర్ పైనో, హెడ్‌లైట్ వెనకో ఉండి బయటి గాలినే తీసుకుంటుంది. దాన్ని వీలైనంత ఎత్తులో పెడతారు. పొరపాటున నాలుగు చుక్కలు పడినా జారిపోవడానికి చాలా డబ్బాల అడుగున చిన్న కన్నం కూడా ఉంటుంది. చూడ్డానికి నల్లటి ప్లాస్టిక్ డబ్బానే! కానీ ఎండ, దుమ్ము, వాన, చప్పుడు... అన్నీ లెక్కేసి చేసిన డబ్బా అది.

''సరే, నీళ్లు రాకుండా దానికి తొడుగేస్తా'' అన్నాడు కుర్రాడు.

వేసుకోవచ్చు. నీటిని అంటనివ్వని గుడ్డ తొడుగులు మార్కెట్లో దొరుకుతాయి. ఎదురొచ్చే లారీ చిమ్మే నీళ్లను, వాన జల్లును అవి ఆపుతాయి. కానీ ఫిల్టర్ మొత్తం మునిగితే తొడుగు చేసేదేమీ లేదు. ఇంజిన్ లాగే బలానికి నీళ్లు గుడ్డలోంచి దూసుకొచ్చేస్తాయి. ఎయిర్ బైపాస్ వాల్వ్ అని మరొకటుంది. ఫిల్టర్ కింద మునిగినప్పుడు, పైనున్న గొట్టంలో ఆ వాల్వ్ తెరుచుకుని గాలిని లోపలికి వదులుతుంది. అయితే టర్బో ఉన్న బండ్లకు దాన్ని సిఫారసు చేయరు. ఈ కుర్రాడిది టర్బో డీజిలే!

ఇక స్నార్కెల్. జీపుల పక్కన ఏనుగు తొండంలా పైకి లేచి కనిపించే గొట్టం. అది పనిచేయాలంటే పైనుంచి ఫిల్టర్ డబ్బా దాకా ఒక్క అతుకులోనూ సందు ఉండకూడదు. అలంకారానికి అతికించిన స్నార్కెళ్లే రోడ్ల మీద ఎక్కువ. గొట్టం ఆకాశంలో ఉన్నా అతుకు దగ్గర నీళ్లు పీల్చే బండ్లవి. ఇంకో మాట. నూనె పట్టించే కాటన్ ఫిల్టర్లను కడిగాక నూనె ఎక్కువ పూస్తే, అది గాలిని కొలిచే సెన్సర్ మీద పేరుకుని బండి తిక్కగా నడుస్తుంది.

నాలుగు చెంచాల నీళ్లు

''ఇంతకీ ఎన్ని నీళ్లు పోతే ఇంజిన్ పాడవుద్ది మేస్త్రీ?'' బల్ల మీద కూర్చుని టీ తాగుతున్న తండ్రి అడిగాడు.

మేస్త్రి టీగ్లాసులోని చెంచా తీసి చూపించాడు. ''దీంతో నాలుగు చాలు సామీ!''

అతిశయోక్తి అనిపిస్తుంది. లెక్క వేస్తే కాదని తేలుతుంది. 1248 సీసీని నాలుగు సిలిండర్లకు పంచితే ఒక్కోదానికి 312 సీసీ. ఈ డీజిల్ ఇంజిన్‌లో కంప్రెషన్ నిష్పత్తి సుమారు 17.6. అంటే పిస్టన్ పైకంటా వెళ్లినప్పుడు దాని మీద మిగిలే ఖాళీ 19 మిల్లీలీటర్ల లోపే. గాలి అయితే ఆ ఇరుకులోనూ నొక్కుకుపోతుంది. నీళ్లు అలా నొక్కుకుపోవు. నాలుగు టీచెంచాల నీళ్లు చేరితే పిస్టన్‌కు పైకెళ్లే దారే ఉండదు. కిందినుంచి తోసే బలం ఆగదు, పైన నీళ్లు జరగవు. మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, లేదా విరిగి ఇంజిన్ గోడనే చీల్చుకుని బయటికొస్తుంది. దీన్నే హైడ్రాలాక్ అంటారు. పెట్రోలు ఇంజిన్లలో ఆ ఖాళీ కాస్త ఎక్కువ. 1200 సీసీ బండి, నిష్పత్తి 10 అనుకుంటే సుమారు 33 మిల్లీలీటర్లు. ఏడు చెంచాలు. అదీ పెద్ద తేడా ఏమీ కాదు.

''నీళ్లలో బండి ఆగిపోయిందనుకో... తాళం మాత్రం తిప్పబాక. ఆగినప్పుడు కంటే మళ్లీ తిప్పినప్పుడే శానా ఇంజిన్లు పొయ్యేది'' అన్నాడు మేస్త్రి.

కుర్రాడు ఫోన్ చూసుకుంటున్నాడు. తండ్రి వింటున్నాడు.

చిక్కటి ఆయిల్ చక్కటిదేనా?

మేస్త్రి ఆయిల్ పుల్ల లాగి, వేళ్ల మధ్య రుద్ది చూశాడు. ''ఇదేంది, ఆముదమా?''

ఎండలెక్కువ, ఇంజిన్ ట్యూన్ చేసి ఉంది, కాబట్టి చిక్కటి ఆయిల్ మంచిదని కుర్రాడి వాదన. మన దగ్గర చాలామందిది అదే నమ్మకం. డబ్బా మీది అంకెలు అర్థమైతే ఆ నమ్మకం నిలవదు.

5డబ్ల్యూ-30లో 'డబ్ల్యూ' అంటే చలికాలం. దాని ముందున్న అంకె ఎంత తక్కువైతే ఆయిల్ చలిలో అంత తేలిగ్గా పారుతుంది. 5డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 30 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. 20డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 15 దగ్గర. ''వాకాడులో అంత చలి ఏడుంది?'' అని అడగొచ్చు. లేదు. కానీ రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే తిప్పినప్పుడు, ఆయిల్ పంపు నుంచి పై భాగాలకు చేరేదాకా లోహం మీద లోహం రుద్దుకుంటుంది. మామూలు వాతావరణంలోనూ 20డబ్ల్యూ-50 కంటే 5డబ్ల్యూ-30 త్వరగా పైకి చేరుతుంది.

రెండో అంకె 100 డిగ్రీల దగ్గర ఆయిల్ చిక్కదనాన్ని చెబుతుంది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. బయట నెల్లూరు ఎండ ఉన్నా, సిమ్లా చలి ఉన్నా, వేడెక్కి నడుస్తున్న ఇంజిన్ లోపలి వేడిని థర్మోస్టాట్, రేడియేటర్ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంచుతాయి. మే నెల ఎండను చూసి ఆయిల్ గ్రేడు మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా ఆ వేడిలో 50 గ్రేడు ఆయిల్, 30 గ్రేడు కంటే ఒకటిన్నర రెట్లకు పైగా చిక్కగా ఉంటుంది. ఇప్పటి ఇంజిన్లలో ఆయిల్ పారే దారులు సన్నవి. టైమింగ్ చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ పనిచేసేది ఆయిల్ ఒత్తిడితోనే. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే టర్బో ఇరుసు తేలేదీ ఆ ఆయిల్ పొర మీదే. అక్కడ ఆముదం పోస్తే ఎలా?

అంకెల తర్వాత అక్షరాలు చూడాలి. ఏపీఐ గుర్తుల్లో 'ఎస్'తో మొదలయ్యేవి పెట్రోలు బండ్లకు. 2020లో వచ్చిన 'ఎస్‌పీ' అందులోదే. 'సీ'తో మొదలయ్యేవి డీజిల్‌కు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో పొగగొట్టానికి మసి వడపోసే ఫిల్టర్ ఉంటుంది కాబట్టి, బూడిద తక్కువ మిగిల్చే ప్రత్యేకమైన ఆయిల్ వాడాలి. మోటార్‌సైకిళ్లలో క్లచ్ కూడా ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. అందుకే వాటికి 'జేఏఎస్ఓ ఎంఏ' గుర్తు వెతకాలి. కారు ఆయిల్ మిగిలిందని బైకులో పోసేస్తే క్లచ్ జారుతుంది.

ఇవన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అక్కర్లేదు. బండితో ఇచ్చిన పుస్తకంలో గ్రేడు, గుర్తు రెండూ ఉంటాయి. ట్యూన్ చేయించిన బండికైనా అదే గ్రేడులో ఫుల్ సింథటిక్ పోసి, మార్చే గడువు తగ్గించుకోవడం మేలు. చాలా కార్లకు 10 వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అంటారు. దుమ్ము రోడ్లు, ఉప్పుగాలి, ట్యూనింగు ఉన్నప్పుడు అంతదాకా ఆగకపోవడమే మంచిది. ఆయిల్ నమ్మకమైన దుకాణంలో, సీలు చూసి కొనాలి. ఖాళీ డబ్బాను కన్నం పొడిచి పారేయాలి. లేకపోతే రేపు అదే డబ్బాలో నకిలీ సరుకు రావచ్చు!

ఆ రోజు మేస్త్రి ఆయిల్ మార్చాడు. ఫిల్టర్ మాత్రం కిందే ఉండిపోయింది. కుర్రాడు ఒప్పుకోలేదు.

చప్టా మీద...

2021 నవంబరు రెండో వారం. బంగాళాఖాతంలో వాయుగుండం. చెన్నై నుంచి నెల్లూరు దాకా ఎడతెరిపి లేని వాన. ఆ వానలోనే డయాలసిస్ వంతు వచ్చింది. వాయిదా వేస్తే ఆయనకు ఊపిరాడదు. పొద్దున వెళ్లేటప్పుడు తడిగా ఉన్న చప్టా, సాయంత్రానికి నీళ్ల కింద ఉంది. పారే నీళ్లు కావు, పొలాల్లోంచి వచ్చి నిలిచినవి. ముందు ఒక ఆటో దాటింది. కుర్రాడికి ధైర్యం వచ్చింది. వేగంగా పోతే దాటేస్తాం అనుకున్నాడు.

అదే తప్పు. వేగం పెరిగేకొద్దీ బండి ముందు నీళ్లు అలలా లేస్తాయి. మోకాలి లోతు నీళ్లు బంపర్‌ను ముంచేస్తాయి. సరిగ్గా నడిమధ్యలో ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

కుర్రాడి చేయి తాళం మీదికి వెళ్లింది.

''తిప్పబాక అబ్బయ్యా!''

డయాలసిస్ అయ్యాక ఆ మనిషి గొంతు పెగలడమే కష్టం. కానీ ఆ అరుపు గట్టిగా వచ్చింది. కొడుకు చేయి ఆగింది. తాళం ఆఫ్ చేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి కిందికి దిగాడు. వెనకొచ్చిన ట్రాక్టరు వాళ్లు పెద్దాయన్ని ఎత్తి తమ బండిలో కూర్చోబెట్టుకున్నారు. తర్వాత తాడు కట్టి కారును లాగారు.

మర్నాడు గూడూరు షెడ్డులో కారు విప్పారు. ఫిల్టర్ తడిసి ముద్దయింది. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌లోంచి నీళ్లు కారాయి. బ్యాటరీ తీగ తీసి, ఇంజెక్టర్లు విప్పి, మేస్త్రి స్పానర్‌తో క్రాంక్‌ను చేత్తోనే మెల్లగా తిప్పాడు. రెండు సిలిండర్లలోంచి పిచికారీ కొట్టినట్టు నీళ్లు ఎగిరాయి. అంటే ముందురోజు తాళం తిప్పి ఉంటే...?

ఆ మాట ఎవరూ పైకి అనలేదు. కంప్రెషన్ కొలిచారు. నాలుగు సిలిండర్లూ సమానంగా ఉన్నాయి. రాడ్లు వంగలేదు. ఆయిల్‌లో నీళ్లు కలిస్తే పాలు పోసిన కాఫీలా మారుతుంది. కొద్దిగా ఆ రంగు కనిపించడంతో ఆయిలూ, దాని ఫిల్టరూ మార్చి, కాసేపు నడిపి, మళ్లీ మార్చారు. మూడు రోజుల తర్వాత డయాలసిస్‌కు బాడుగ కారులో వెళ్లారు. ఆ పై వంతుకు సొంత కారే వెళ్లింది. ఇంజిన్ పోయి ఉంటే కొత్తది వేయించడానికి ఓ రొయ్యల పంట సరిపోయేది కాదు. వారానికి రెండు బాడుగలు కడుతూ ఆ ఇల్లు ఎన్నాళ్లు నిలిచేది?

వానకు ముందే...

ఇలాంటప్పుడు బీమా ఉందిగా అనుకుంటారు. వరద నష్టానికి సమగ్ర బీమా వర్తిస్తుంది. కానీ నీళ్లలో ఆగాక తాళం తిప్పినందువల్ల ఇంజిన్ పాడైతే, అది పర్యవసాన నష్టమని కంపెనీలు తోసిపుచ్చే అవకాశం ఎక్కువ. దానికి విడిగా ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ తీసుకోవాలి. అందులోనూ షరతులుంటాయి, చదువుకోవాలి. చట్టం సంగతీ గుర్తుంచుకోవాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, అనుమతి లేని మార్పులు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడవచ్చు.

బండి నీళ్లలో ఆగి, నీటిమట్టం పెరుగుతుంటే ఇంజిన్ గురించి ఆలోచించకండి. ముందు మనుషులు దిగిపోవాలి. పారే నీళ్లయితే అసలు దిగొద్దు. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును తేల్చేయగలదు. రెండడుగులైతే పెద్ద బండ్లనూ ఈడ్చుకుపోతుంది. స్నార్కెల్ ఇంజిన్‌ను కాపాడుతుందే గానీ, కారు కొట్టుకుపోకుండా పట్టుకోలేదు. నిలిచిన నీళ్లను దాటక తప్పకపోతే లోతు ముందే చూసుకోవాలి. మొదటి గేరులో, మెల్లగా, ఆగకుండా వెళ్లాలి. బయటపడ్డాక బ్రేకులు నాలుగుసార్లు తొక్కి ఆరబెట్టుకోవాలి. ఇంటికొచ్చాక ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడాలి, ఆయిల్ పుల్ల లాగి రంగు చూడాలి.

ఆ కుర్రాడు కంపెనీ డబ్బాను అటక మీంచి దించి మళ్లీ బిగించాడు. లోపల మామూలు కాగితపు ఫిల్టరే. ఈల శబ్దం పోయింది. ట్యూనింగ్ కూడా తీయించేశాడు. ఏటా అక్టోబరు మొదటివారంలో, ఈశాన్య వానలకు ముందు ఆయిల్ మార్చడం, గాలి గొట్టం అతుకులు, క్లిప్పులు చూసుకోవడం ఇప్పుడా ఇంట్లో ఓ పద్ధతి. ఎర్ర ఫిల్టర్ ఇంకా పారేయలేదు. పుస్తకాల అలమారలో ఉంది.

తండ్రి మాత్రం ఆటపట్టిస్తూనే ఉంటాడట. ''నా రక్తాన్ని వారానికి రెండుసార్లు కడిగిస్తుండావు. దానికి ఏడాదికి ఒకసారేనా? అదీ మన ఇంటి మనిషే గదరా అబ్బయ్యా!''